పురిటింటి చరిత్ర: అవ్వల దగ్గర ఏం తీసుకుందాం, ఏం వదిలేద్దాం?

పోస్టు కొంచెం పెద్దదే. తీరిక చూసుకుని చివరిదాకా చదవండి.

ఈ మధ్య మన గ్రూపులో బాలింతలు, పసిపిల్లల గురించి రెండు రకాల మాటలు వినిపిస్తున్నాయి. మొదటిది, "మన పూర్వీకులకు అన్నీ తెలుసు. ఆకు పసరు, ఆముదం, వస కొమ్ము ఉంటే చాలు, ఆసుపత్రి ఎందుకు?" అనేది. రెండోది, "మన ముసలోళ్లు చేసేదంతా మూఢనమ్మకం. అందుకే మన పిల్లలు చచ్చిపోతున్నారు" అనేది. రెండూ గట్టిగానే చెప్తున్నారు. చరిత్ర కొంచెం తిరగేస్తే మాత్రం రెండూ నిలబడవు. ఇంట్లో ఆడవాళ్లు చేసిన సంరక్షణలో ప్రాణం నిలిపినవి ఉన్నాయి, ప్రాణం తీసినవి కూడా ఉన్నాయి. వాటిని వేరు చేసే పని ఎవరో ఒకరు చెయ్యాలి. ఆ పని ఎవరిదో చివర్లో చెప్తాను.

1. రాయని చరిత్ర

మన చరిత్ర అంటే మనకు వెంటనే గుర్తొచ్చేది 1922 మన్యం పోరాటం, 1940 జోడేఘాట్. గుర్తుండాల్సిందే. కానీ ఆ పోరాటాల్లో ఉన్నవాళ్లందరినీ పుట్టగానే పట్టుకున్న చేతులు ఎవరివి? ఆ పేర్లు ఎక్కడా లేవు.

మన గురించి రాసిన పుస్తకాలు తక్కువేం కాదు. థర్‌స్టన్ 1909లో దక్షిణ భారత కులాలు, తెగల గురించి ఏడు సంపుటాలు వేశాడు. హైమన్‌డార్ఫ్ 1940 నుంచి హైదరాబాద్ సంస్థానంలో తిరిగి చెంచుల మీద 1943లో, కొండరెడ్ల మీద 1945లో, ఆదిలాబాద్ రాజ్ గోండుల మీద 1948లో పుస్తకాలు తెచ్చాడు. పొలం, పోడు, పెళ్లి, పండుగ, దేవుళ్లు, చావు గురించి వాటిలో చాలా దొరుకుతుంది. కానీ పురిటి గుడిసె లోపల ఏం జరిగిందో రాయాలంటే ఆ గుడిసెలోకి పోవాలి గదా. అక్కడికి మగవాళ్లను రానిచ్చేవాళ్లు కాదు. లోపల ఉన్న ఆడవాళ్లకేమో రాయడం రాదు. అందుకే ఆ చరిత్ర నోటిమాటగానే మిగిలింది.

మైదానం ఊళ్లలో కాన్పు చేసే మంత్రసానికి ఇంకో అవమానం కూడా ఉండేది. ఎక్కువ చోట్ల ఆమె కింది కులాల మనిషి. రక్తం, మాయ ముట్టుకునే పని కాబట్టి మైల అనేవాళ్లు. బిడ్డను పట్టిన చేతి నీళ్లు మాత్రం తాగేవాళ్లు కాదు. "మంత్రసానితనం ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలి" అని సామెత కూడా ఉంది. ఇప్పటికీ ఎగతాళికే వాడతాం. మన గూడేల్లో ఆ కుల దూరం అంత లేదు. అత్తో, పెద్దమ్మో, ఊళ్లో చేయి తిరిగిన ముసలమ్మో కాన్పు చేసేది.

2. ఆసుపత్రి చేతులకూ ఒక చరిత్ర ఉంది

మంత్రసాని మురికి చేతుల వల్లే తల్లులు చనిపోయారని బడి పుస్తకాల నుంచి నర్సింగ్ పాఠాల దాకా వింటాం. అందులో నిజం ఉంది. కానీ సగమే.

వియన్నా నగరంలో పెద్దాసుపత్రిలో రెండు కాన్పు వార్డులు ఉండేవి. మొదటి దాంట్లో డాక్టర్లు, వైద్య విద్యార్థులు కాన్పులు చేసేవాళ్లు. రెండో దాంట్లో మంత్రసానులు. 1846లో మొదటి వార్డులో నూటికి 11 మందికి పైగా తల్లులు చనిపోయారు. మంత్రసానుల వార్డులో నూటికి ముగ్గురి లోపే. ఊళ్లో ఆడవాళ్లకు ఈ సంగతి తెలుసు. మొదటి వార్డులో వెయ్యొద్దని ఏడ్చి బతిమాలేవాళ్లు.

సెమ్మెల్‌వైస్ అనే డాక్టర్ దీని కారణం పట్టుకున్నాడు. డాక్టర్లు శవాలను కోసి, అవే చేతులతో కాన్పులకు వచ్చేవాళ్లు. మంత్రసానులకు శవాల పని లేదు. 1847లో ఆయన ప్రతి ఒక్కరూ క్లోరిన్ సున్నపు నీళ్లతో చేతులు కడగాలని పట్టుబట్టాడు. 1848 నాటికి ఆ వార్డులో చావులు నూటికి ఒకటికి కాస్త పైకి దిగిపోయాయి. అప్పటికి రోగాలకు సూక్ష్మజీవులే కారణమని రుజువు కాలేదు. తోటి డాక్టర్లు చాలామంది ఆయన మాట ఒప్పుకోలేదు. "మా చేతులు మురికివా?" అన్నారు. 1865లో ఆయన చనిపోయేదాకా ఆ మాటకు సరైన గౌరవం దక్కలేదు.

ఇది చదివి ఆసుపత్రి చెడ్డదని ఎవరూ అనుకోవద్దు. చదువు లేని మనిషైనా, పెద్ద చదువు చదివిన మనిషైనా, కడగని చెయ్యి ఒకటే. కడిగిన చెయ్యి కూడా ఒకటే.

3. ముర్రుపాలు పిండి పారబోయడం

మన ఊళ్లలో, మైదానం ఊళ్లలో కూడా, బిడ్డ పుట్టగానే వచ్చే పసుపు రంగు చిక్కటి పాలను పిండి పారబోసే అలవాటు ఉండేది. ముర్రుపాలు అరగవు, చెడ్డవి అనేవాళ్లు. రెండు మూడు రోజులు బిడ్డకు బెల్లం నీళ్లో, తేనెో, మేకపాలో నాకించేవాళ్లు. ఇప్పుడు తెలిసిన సంగతేంటంటే ఆ ముర్రుపాలలోనే రోగాలను ఆపే శక్తి ఎక్కువ. అదే బిడ్డకు మొదటి టీకా లాంటిది. పుట్టిన గంట లోపే తల్లి పాలు పట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది.

దీన్ని చూపించి మనల్ని అడవి మనుషులని తిట్టేవాళ్లకు ఒక సంగతి చెప్పాలి. రెండో శతాబ్దంలో రోమ్‌లో పేరున్న గ్రీకు వైద్యుడు సొరానస్ కూడా ఇదే రాశాడు. కన్న తల్లి మొదటి పాలు మంచివి కావు, ముందు తేనె నాకించండి అన్నాడు. యూరప్‌లో వందల ఏళ్లు ఆ మాటే నడిచింది. 1748లో విలియం కాడొగన్ అనే ఇంగ్లిష్ డాక్టర్ బిడ్డ పెంపకం మీద రాస్తూ, పుట్టిన బిడ్డను వెంటనే తల్లి రొమ్ముకు పట్టించమని గట్టిగా చెప్పాకే అక్కడ మార్పు మొదలైంది. అంటే ఇది ఒక్క మన తెగల అలవాటు కాదు. ప్రపంచంలో సగం చేసిన పొరపాటు. వాళ్లు వదిలేశారు, మనమూ వదిలేద్దాం. అందులో సిగ్గుపడేది ఏమీ లేదు.

ఇక్కడే తేనె సంగతి. అడవి తేనె మన పంట. 1956లో గిరిజన సహకార సంస్థ పెట్టినప్పటి నుంచి మన తేనెకు బయట మంచి పేరు ఉంది. కానీ ఏడాది లోపు బిడ్డకు తేనె చుక్క కూడా వద్దు. తేనెలో ఉండే ఒక రకం సూక్ష్మజీవి విత్తనాలు పసిబిడ్డ పేగుల్లో మొలిచి విషం తయారు చేస్తాయి. ఒళ్లంతా వాలిపోతుంది, ఊపిరి కూడా ఆగొచ్చు. పెద్దవాళ్ల పేగు తట్టుకుంటుంది, పసిబిడ్డది తట్టుకోలేదు. ఈ జబ్బును డాక్టర్లు గుర్తించిందే 1976లో. అవ్వకు తెలియలేదని ఆమెను ఏమంటాం?

4. ఏడో రోజు జబ్బు

బిడ్డ బాగానే పుడుతుంది, బాగానే పాలు తాగుతుంది. నాలుగో రోజో, ఏడో రోజో రొమ్ము పట్టడం మానేస్తుంది. దవడ బిగుసుకుపోతుంది, ఒళ్లు కట్టెలా అవుతుంది. గాలి సోకిందనీ, పక్షి దోషమనీ తాయెత్తు కట్టేవాళ్లు. బిడ్డ దక్కేది కాదు. ఈ చావును ప్రపంచంలో చాలా చోట్ల "ఏడో రోజు జబ్బు" అనే పేరుతోనే పిలిచారు.

అది ధనుర్వాతం. దాని విత్తనాలు మట్టిలో, పేడలో ఉంటాయి. బొడ్డు కోసిన కొడవలి, వెదురు పేడు నుంచి వస్తుంది. కోసిన చోట పెట్టిన పేడ బూడిద నుంచి, మట్టి నుంచి కూడా వస్తుంది. బొడ్డు త్వరగా ఎండాలని ప్రేమతోనే బూడిద పెట్టారు. ఆ ప్రేమలోనే విషం పోయింది.

దీన్ని ఆపినవి రెండు. ఒకటి గర్భిణికి ధనుర్వాతం టీకా. 1985లో మొదలైన సార్వత్రిక టీకాల కార్యక్రమం దాన్ని ఊరూరికీ తెచ్చింది. రెండోది మంత్రసానులకు నేర్పిన ఐదు శుభ్రతలు: శుభ్రమైన చేతులు, శుభ్రమైన చోటు, కొత్త బ్లేడు, శుభ్రమైన దారం, బొడ్డు మీద ఏమీ పెట్టకుండా ఉంచడం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2003లోనే ఈ జబ్బును అదుపు చేసిన రాష్ట్రంగా ముందు వరసలో నిలిచింది. 2015లో దేశం మొత్తానికి ఆ గుర్తింపు వచ్చింది. ఇందులో సగం పని చేసింది సూది మందు. మిగతా సగం ఒక బ్లేడు, ఒక సబ్బు ముక్క, నేర్చుకోవడానికి ఒప్పుకున్న ముసలమ్మలు. వాళ్లకు ఎక్కడైనా సన్మానం జరిగిందా?

5. అవ్వ చెప్పింది, డాక్టర్లు తర్వాత తెలుసుకున్నది

ఇప్పుడు రెండో వైపు చూద్దాం. బిడ్డను తల్లి ఒంటికి ఆనించి, చీర కొంగుతో చుట్టి పడుకోబెట్టడం మనకు కొత్తేం కాదు. కొండ మీద చలికి అదే దుప్పటి. అయితే ఆసుపత్రులు పెరిగాక బరువు తక్కువ బిడ్డలను తల్లి నుంచి తీసేసి గాజు పెట్టెల్లో పెట్టడం మొదలైంది.

1978లో దక్షిణ అమెరికాలోని కొలంబియా దేశం, బొగోటా నగరంలో ఒక ప్రసూతి ఆసుపత్రిలో గాజు పెట్టెలు చాలలేదు. ఒక పెట్టెలో ఇద్దరు ముగ్గురు బిడ్డలు. ఒకరి నుంచి ఒకరికి రోగాలు. అప్పుడు ఎడ్గార్ రే అనే డాక్టర్ బిడ్డలను తల్లుల గుండెకు నేరుగా కట్టించాడు. తర్వాత మార్టినెజ్ అనే డాక్టర్ కూడా కలిశాడు. బిడ్డలు నిలబడ్డారు. కంగారూ సంరక్షణ అని పేరు పెట్టారు. 2021లో వచ్చిన ఐదు దేశాల పరిశోధనలో మన ఢిల్లీ ఆసుపత్రి కూడా ఉంది. చిన్న బిడ్డను పుట్టిన వెంటనే తల్లి ఒంటికి ఆనిస్తే, ఆలస్యంగా ఆనించిన వాళ్లతో పోలిస్తే చావులు నూటికి 25 వంతులు తగ్గాయని తేలింది. పేదరికం వల్ల గత్యంతరం లేక చేసిన పని ఇవాళ పెద్ద ఆసుపత్రుల్లో పద్ధతి అయింది.

ఇంకా ఉన్నాయి. చోడి అంబలిలో కాల్షియం ఉంది. ఉలవ కట్టు, మునగాకు, ఆకుకూరలు బాలింతకు బలం. ఇప్పపువ్వు పాత రోజుల్లో కరువును దాటించిన తిండి. ఇవాళ ఉట్నూరు వైపు గోండు ఆడవాళ్లు దాంతోనే లడ్డూలు చేస్తున్నారు. లేత చేత్తో నూనె రాయడం, ఎండ పొద్దున కాసేపు ఒళ్లో పెట్టుకోవడం, చుట్టూ నలుగురు ఆడవాళ్లు ఉండి తల్లికి ధైర్యం చెప్పడం, వీటిలో చెడు ఏముంది?

అన్నిటికంటే పెద్ద మందు విశ్రాంతి. పురుడు పేరుతో తల్లిని కొన్ని రోజులు పనికి దూరంగా ఉంచేవాళ్లు. మైల అనే మాట తప్పే. కానీ ఆ రోజుల్లో ఆమె కట్టెలు మొయ్యలేదు. ఉద్యోగం చేసే ఆడవాళ్లకు 1961 ప్రసూతి చట్టం సెలవు ఇచ్చింది. 2017 సవరణతో అది 26 వారాలైంది. పోడు కొట్టే మన అక్కకు ఏ వారాలూ లేవు. మైల మాట తీసేద్దాం, విశ్రాంతిని మాత్రం ఉంచుదాం. ఆ రోజుల్లో నీళ్లు మొయ్యాల్సింది ఇంట్లో మగవాళ్లు. తమ్ముళ్లూ, ఇది మీకే.

అదే పత్యం పేరుతో నీళ్లు తాగనివ్వకపోవడం, పప్పు, గుడ్డు, కూరలు ఆపేసి మిరియాల కారం అన్నమే పెట్టడం వదిలెయ్యాలి. రక్తం పోయిన మనిషికి, పాలివ్వాల్సిన మనిషికి తిండి ఆపితే ఎట్లా? తలుపులు మూసి కుంపటి పెట్టి సాంబ్రాణి పొగ పట్టడం కూడా అంతే. వెచ్చదనం కావాలి, పొగ వద్దు. వస కొమ్ము అరగదీసి నాలుక మీద రాస్తే మాటలొస్తాయంటారు. ఆ కొమ్ములో ఉండే ఒక పదార్థం మంచిది కాదని అమెరికాలో 1968లోనే తిండి పదార్థాల్లో దాన్ని వాడటం ఆపేశారు. ఆరు నెలల దాకా బిడ్డ నోట్లోకి తల్లి పాలు, డాక్టర్ ఇచ్చిన మందు తప్ప ఇంకేదీ పోకూడదు.

6. ప్రాణహిత అవతల ఏం జరిగింది

ఈ రెండు దారులూ ఒక చోట కలిశాయి. అది మనకు చాలా దగ్గర. ఆసిఫాబాద్, మంచిర్యాల నుంచి ప్రాణహిత దాటితే గడ్చిరోలి జిల్లా. అక్కడా మన గోండులే, మాడియాలే.

1986లో అభయ్ బంగ్, రాణి బంగ్ అనే డాక్టర్ దంపతులు అక్కడ సెర్చ్ అనే సంస్థ పెట్టారు. ఆసుపత్రి ఎలా ఉండాలో జనాన్నే అడిగారు. పెద్ద భవనం అంటే భయం, మా గుడిసెల్లాగా ఉండాలి అన్నారు. అలాగే కట్టారు. మా దంతేశ్వరి పేరే పెట్టారు.

తర్వాత వాళ్లు పసిపిల్లల చావులు లెక్కేశారు. 39 ఊళ్లలో 1993 నుంచి 1995 దాకా చూస్తే, పుట్టిన ప్రతి వెయ్యి మందిలో 62 మంది నెల తిరక్కుండా చనిపోతున్నారు. ఆసుపత్రి దూరం, దారి లేదు, డబ్బు లేదు. అప్పుడు ఊరికొక ఆడమనిషిని ఎంచుకుని శిక్షణ ఇచ్చారు. ఆరోగ్యదూత అన్నారు. బడిలో కొన్ని తరగతులు చదివినవాళ్లే. కాన్పు మంత్రసానే చేసేది. ఆరోగ్యదూత పక్కనే ఉండి బిడ్డను చూసుకునేది. బరువు తూచడం, వేడి చూడటం, ఊపిరి లెక్కపెట్టడం, ఊపిరి అందని బిడ్డకు గాలి ఇవ్వడం, చలి తగలకుండా సంచిలో పెట్టడం, తల్లి పాలు పట్టించడం, రక్తంలో విషం పాకితే గుర్తుపట్టి సూది మందు ఇవ్వడం నేర్పారు. అంతకు ముందు న్యుమోనియా పని చేసినప్పుడు, లెక్కలు రాని మంత్రసానుల కోసం ఇసుక గడియారం, పూసలతో ఊపిరి లెక్కపెట్టే చిన్న పరికరం కూడా తయారు చేశారు. చదువు రాదని ఆమెను పక్కన పెట్టలేదు. ఆమెకు తగ్గట్టు పరికరాన్నే మార్చారు.

మూడేళ్లు తిరిగేసరికి, 1997-98లో, ఆ 39 ఊళ్లలో చావులు వెయ్యికి 62 నుంచి 25 దగ్గరకి దిగాయి. ఇవేవీ లేని పక్క ఊళ్లలో మాత్రం 60 దగ్గరే ఉన్నాయి. 1999లో లాన్సెట్ అనే పెద్ద వైద్య పత్రిక దీన్ని అచ్చువేసింది. అదే పద్ధతిని 2011లో మన ప్రభుత్వం దేశమంతా తెచ్చింది. ఆశా కార్యకర్త బాలింత ఇంటికి 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో రావాలి. ఇంట్లోనే కాన్పు అయితే మొదటి రోజు కూడా రావాలి. ఇవాళ మీ ఊళ్లో ఆశా అక్క బరువు తూచే సంచి పట్టుకొచ్చిందంటే ఆ పద్ధతి పుట్టింది గడ్చిరోలి ఊళ్లలో.

ఇదీ నేను చెప్పదలుచుకున్న అసలు మాట. ఇంటి సంరక్షణ తప్పు కాదు. ఇంట్లో ఉన్న ఆడమనిషికి తెలివి లేదు అనుకోవడం తప్పు. ఆమెకు నేర్పకుండా వదిలేయడం ఇంకా పెద్ద తప్పు.

దీనికి హద్దు కూడా ఉంది. తల్లికి రక్తం ఆగకపోతే ఏ ఆకు పసరూ ఆపదు, రక్తం ఎక్కించాలి. ఫిట్స్ వస్తే, బిడ్డ అడ్డం తిరిగితే ఆసుపత్రే గతి. అందుకే కాన్పు ఆసుపత్రిలో, తర్వాత 42 రోజుల సంరక్షణ ఇంట్లో. దారి లేని గూడేల నుంచి నొప్పులొచ్చాక డోలీ కట్టడం కంటే ముందే దిగడం మంచిది. సాలూరులో గిరిజన గర్భిణుల కోసం వసతి గృహం పెట్టింది అందుకే. అలాంటివి ప్రతి ఏజెన్సీ మండలంలో కావాలని మనం అడగాలి. రోడ్డు కూడా అడగాలి. తప్పంతా అవ్వ మీద వేసి రోడ్డు వేయనివాళ్లను వదిలేయకూడదు.

ఇవి గుర్తుపెట్టుకోండి. బిడ్డ పాలు పట్టకపోయినా, ఒళ్లు చల్లబడినా, బాగా కాలినా, నిమిషానికి 60 సార్లకు మించి ఊపిరి తీస్తున్నా, పక్కటెముకల కింద గుంట పడుతున్నా, బొడ్డు ఎర్రబడి చీము పట్టినా, ఫిట్స్ వచ్చినా ఆగొద్దు. తల్లికి రక్తం ఎక్కువ పోతున్నా, జ్వరం వచ్చినా, విపరీతమైన తలనొప్పి, చూపు మసక ఉన్నా ఆగొద్దు. 108కి ఫోన్ చెయ్యండి.

7. ఇక మన పని

వేరు చేసే పని ఎవరిదని మొదట్లో అన్నాను గదా. మనదే. మనలో చాలామంది ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాళ్లం. నేనూ అంతే. ఇంటికి పోతే మన మాట వింటారు. "ఇది మంచిదేనా?" అని అడుగుతారు. రీల్స్‌లో "ఆదివాసీ సహజ మందు" అని ఎవడో సీసాలో పోసి అమ్ముతుంటే, దాన్ని మన పేరు మీద మన వదినలకే అంటగడుతుంటే, చెప్పాల్సింది మనమే. ఆసుపత్రిలో ఎవరైనా మన అవ్వను కసురుకుంటే, ఆమె పక్కన నిలబడి రెండు మాటలు మర్యాదగా చెప్పాల్సింది కూడా మనమే.

ఈసారి సెలవులకు పోయినప్పుడు మీ ఊళ్లో కాన్పులు చేసిన ముసలమ్మ దగ్గర కూర్చోండి. ఎంతమందిని పట్టావు అవ్వా, ఎవరి దగ్గర నేర్చుకున్నావు, బొడ్డు దేంతో కోసేదానివి, బిడ్డ ఏడవకపోతే ఏం చేసేదానివి, బాలింతకు ఏం పెట్టేదానివి, ఏ ఆకు దేనికి, నీ చేతిలో పోయిన బిడ్డలు గుర్తున్నారా, అని అడగండి. మీ భాషలోనే రాయండి, కోయ అయినా, గోండి అయినా, సవర అయినా, కువి అయినా. ఆమె ఒప్పుకుంటేనే పేరు రాయండి. తర్వాత అదే రాతను మీ ఊరి ఆశా అక్కకు, ఏఎన్ఎంకు చూపించి ఏది ఉంచుకోవచ్చు, ఏది వద్దు అని అడిగి పక్కన గుర్తు పెట్టండి. నర్సింగ్ చదివే అక్కలు గ్రూపులో చాలామంది ఉన్నారు, వాళ్లు సాయం చేస్తారని నమ్మకం.

ఆ అవ్వలు ఇంక ఎక్కువ మంది లేరు. ఉన్నవాళ్లను అడిగి రాసిందే మన పురిటింటి చరిత్ర అవుతుంది. రాసింది ఇక్కడ పెట్టండి, అందరం చదువుదాం.

జోహార్.